పోతు తీగ

గోడ పక్క వరుసల్లో మొగ్గలు బరువుగా ఉన్నాయని మొదట సంబరపడింది బోజ్కాయే.

సంబరపడక ఏం చేస్తుంది? ఆ ఏడు వానల్లేవు. మే నెల దాటాక లిబెషోవ్ ఊరి మీద చెప్పుకోదగ్గ చినుకు రాలలేదు. హాప్ తీగలు ఎలాగో పందిరి పైకంబి దాకా ఎగబాకాయి గానీ మొగ్గలు మాత్రం ఎదగలేదు. బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చేవి ఆ రేకుల మొగ్గలే. వాటిని ఒక్కొక్కటే చేత్తో తుంచి బుట్ట నింపాలి. కూలికి వచ్చిన ఆడవాళ్ళు పొద్దున్నించీ ముక్కాలి పీటల మీద కూర్చుని, కిందికి లాగిన తీగను ఒళ్ళో పరుచుకుని, జిగురుకు వేళ్ళు నల్లబడేదాకా తుంచినా బుట్ట అడుగు కనిపిస్తూనే ఉండేది. అలాంటిది, జర్మన్ల పాత శ్మశానం గోడ పక్కనున్న వరుసలకు రాగానే బుట్టలు ఇట్టే నిండడం మొదలైంది.

"వ్లాస్తక్కా, ఈ వరుసలకు మాత్రం ఎవరికీ తెలీకుండా నీళ్ళు పోశావేంటి?" అంది బోజ్కా గుప్పెడు మొగ్గలు ఎత్తి చూపిస్తూ. బోజ్కా బొగ్గుగనుల ఊరి నుంచి ఏటా హాప్ కోతకు వచ్చే మనిషి. చేతులకంటే నోరు చురుకు, అయినా చేతులూ తక్కువేం కాదు.

"పోశాను. నా కన్నీళ్ళు" అంది వ్లాస్తా. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ తోట వ్లాస్తాదే. అంటే, ఆమెదని అందరూ అంటున్నారు, కాగితం ఇంకా చేతికి రాలేదు. ఈ వసంతంలోనే తూర్పు సరిహద్దు అవతలి వొలీనియా నుంచి రైల్లో ఒక ఆవునూ రెండు పెట్టెలనూ తెచ్చుకుని ఈ ఊళ్ళో దిగింది. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి కాబట్టి ఆమెకు జర్మన్లను పంపేశాక ఖాళీ అయిన ఇళ్ళలో మంచిది చూసి ఇచ్చారు. కొడుకు బదులు ఇల్లు. ఆ మాట ఎవరూ అలా అనలేదు గానీ లెక్క మాత్రం అదే.

బోజ్కా చేతిలోంచి ఒక మొగ్గ తీసుకుని, రెండుగా చీల్చి, అరచేతుల మధ్య పెట్టి నలిపింది. ఇది ఎర్రకాడ రకం. కాపు తక్కువ, గారాబం ఎక్కువ. ఎండ ఎక్కువైతే అలుగుతుంది, ఎరువు ఎక్కువైతే వాసన పోగొట్టుకుంటుంది. అయినా దీని చేదు గొంతులో కాసేపు నిలిచి మర్యాదగా వెళ్ళిపోతుందని బీరు కాచేవాళ్ళు దీనికోసమే పడి చస్తారు. నలిపిన అరచేతులను ముక్కుకు ఆనిస్తే తడిసిన గడ్డి, మిరియాలు, ఎక్కడో దూరాన పులుస్తున్న రొట్టె పిండి వాసన రావాలి. వ్లాస్తా చేతులు ముక్కు దాకా వెళ్ళలేదు. అరచేతుల మధ్య ఇసుక రేణువులాంటిది ఏదో దొర్లింది.

గింజ.

జాతెత్స్ సీమలో పందిళ్ళ మీద ఉండేవన్నీ ఆడతీగలే. తాడిలో పోతుతాడు ఉన్నట్టే హాప్‌లోనూ పోతు తీగ ఉంటుంది. ఇక్కడ దాన్ని కనబడ్డ చోటల్లా వేరుతో పెకలించేస్తారు. వాగు గట్టున గానీ, కంచె మీద గానీ, ఎక్కడా బతకనివ్వరు. దాని పుప్పొడి గాలికి వచ్చి తగిలితే ఆడతీగ కడుపు పండుతుంది. మొగ్గ బలుస్తుంది, బరువెక్కుతుంది, బుట్టలు నింపుతుంది, బీరుకు మాత్రం పనికిరాకుండా పోతుంది. గింజలోని నూనె నిలవలో ముక్కిపోయి ఆ కంపు బీరుకు పడుతుంది, నురగ నిలవదు. అందుకే ఈ సీమ తీగలన్నీ కన్నెగానే పెరిగి కన్నెగానే కోతకు వస్తాయి.

వ్లాస్తా ఇంకో మొగ్గ నలిపింది. అందులోనూ ఉంది. ఎవరూ చూడకుండా రెండింటినీ నడుముకు కట్టుకున్న ముందుగుడ్డ జేబులో వేసుకుంది. ఆ ముందుగుడ్డ ఆమెది కాదు, వచ్చిన రోజున వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతూ కనిపించింది. గట్టి గుడ్డ, పారెయ్యబుద్ధి కాలేదు. జేబు అడుగున మాత్రం వేలు దూరేంత చిల్లు ఉండేది. వ్లాస్తా రెండుసార్లు కుట్టింది. రెండుసార్లూ సరిగ్గా అక్కడే విడిపోయింది. ఇప్పుడూ ఆ మొగ్గలు చిల్లులోంచి జారి గడ్డిలో పడ్డాయి.

మిట్టమధ్యాహ్నం అయింది. గాలి ఆడడం లేదు. హాప్ వాసనకు మత్తు ఉంటుంది, కొత్తవాళ్ళు కూర్చున్నచోటే తూలుతారు. నిలువెత్తు తీగల మధ్య వరుసలో పచ్చటి చీకటిగా ఉంది. మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయి అందరూ కునుకుపాటు పడుతున్నప్పుడు గోడ అవతలి నుంచి సన్నగా చప్పుడు వచ్చింది.

కచక్. కాస్త ఆగి, మళ్ళీ కచక్.

బోజ్కా తల ఎత్తింది. "ఎవరో కత్తెర ఆడిస్తున్నారక్కడ" అంది గొంతు తగ్గించి. అవతల ఎవరుంటారని ఇంకొకామె అడిగింది. శ్మశానం గేటుకు గొలుసు వేసి ఏడాది అయింది, ఆ సమాధుల తాలూకు మనుషులందరినీ రైళ్ళెక్కించి పంపేశారు. రాళ్ళు కొట్టుకున్నట్టు కూసే పిట్ట ఒకటుంటుందిలే అని మూడో ఆమె సర్దిచెప్పింది. అందరూ ఒప్పుకున్నారు. అయినా ఆ పూట గోడకు వీపు పెట్టి ఎవరూ కూర్చోలేదు.

*

దాచిపెట్టినంత మాత్రాన గింజ దాగుతుందా? మర్నాడు సాగుదార్ల సంఘం పెద్ద హావెల్కా మొగ్గలు ఎండబెట్టే కొట్టుకు వచ్చాడు. వస్తూనే పై అంతస్తు జల్లెడల మీద పరిచిన మొగ్గల్లోంచి గుప్పెడు తీసి నలిపాడు. హావెల్కా చెడ్డవాడేం కాదు. ప్రాగ్ వైపు నుంచి వచ్చి ఈ ఊరిని నిలబెట్టాలని రెండేళ్ళుగా ఒళ్ళు హూనం చేసుకుంటున్నవాడు. తన కష్టం ఎవరో పాడుచేస్తున్నారని మాత్రం ఎప్పుడూ అనుమానం.

అరచెయ్యి విప్పి వ్లాస్తా ముందు పెట్టాడు. పసుపు పొడి మధ్య నల్లటి గింజలు.

"ఇదేంటమ్మా?"

వ్లాస్తా తనకూ నిన్ననే తెలిసిందనీ, గోడ పక్క వరుసల్లోనే ఎక్కువగా ఉన్నాయనీ, వాటిని వేరేగా ఆరబెట్టిస్తున్నాననీ చెప్పింది. అతను వినలేదు.

"మీ వొలీనియాలో పోతు తీగల్ని కూడా పందిరెక్కిస్తారటగా. ముచ్చటపడి మూటలో ఓ వేరుముక్క తెచ్చుకున్నావేమో, ఇప్పుడే చెప్పెయ్."

వొలీనియాలో పందిరెక్కించరు గానీ, పెకలించరన్నది మాత్రం నిజం. అక్కడి మొగ్గల్లో గింజ ఉన్నా ఎవరూ గుండెలు బాదుకోరు. ఆ మాట చెబితే నేరం ఒప్పుకున్నట్టే అవుతుందని వ్లాస్తా నోరు మూసుకుంది. ఊరుకున్నందుకు అనుమానం ఇంకా బలపడింది. హావెల్కా మెల్లగా, దాదాపు జాలిగా చెప్పాడు. బస్తాలకు అసలైన జాతెత్స్ హాప్ అని ముద్ర వేసేవాళ్ళు శనివారం వస్తారు. వాళ్ళు రాకముందే ఆ పోతు తీగ వేరుతో సహా తన కాళ్ళ ముందు పడాలి. పడకపోతే ఊరి పంటకు ముద్ర దక్కదు, ఆమె పేరున ఇల్లు ఖాయం చెయ్యమని సిఫారసు చెయ్యడానికి తనకూ నోరు రాదు.

"కొడుకును ఇచ్చిన తల్లివని తెచ్చి పెట్టుకున్నాం. నా చేత అనిపించకు" అని మెట్లు దిగిపోయాడు.

వ్లాస్తా కొడుకు రోస్తిక్ దుక్లా కనుమ దగ్గరి పోరులో పోయాడు. ఎక్కడ పూడ్చారో, అసలు పూడ్చారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. తను ఎవరికీ ఇవ్వలేదు, లాక్కున్నారు. ఇప్పుడు ఈ ఇల్లూ పోతే వాడి పేరున ఈ భూమ్మీద మిగిలేది ఏమీ లేదు.

కొట్టులో మూలన ముసలి వెంజెల్ చెక్కపారతో మొగ్గలను తిరగేస్తున్నాడు. ఊళ్ళో మిగిలిన జర్మన్ అతనొక్కడే. కింద నిప్పు ఎంతుంటే పైన మొగ్గ ఎప్పటికి పెళుసెక్కుతుందో కొత్తవాళ్ళకు చేత కాలేదు కనుక ఉంచుకున్నారు. మొత్తం మాటలన్నీ విన్నాడు, పార మాత్రం ఆపలేదు.

"తాతా, నీకు తెలిసే ఉంటుంది. ఎక్కడుందది?" అని అడిగింది వ్లాస్తా.

"నేను ఆ గోడ అవతలికి పోక ఏడాదైందమ్మా" అన్నాడు వెంజెల్.

గోడ అవతల అని ఆమె అడగలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. అతను పార తీసుకుని అవతలి జల్లెడ వైపు తిరిగాడు.

*

మర్నాడు బోజ్కా బృందం భోజనాలకు కూర్చున్నాక వ్లాస్తా పార భుజాన వేసుకుని గోడ వెంబడి నడిచింది. ఒకచోట రాళ్ళు ఊడి దారి పడి ఉంది. లంగా ఎగదోపుకుని దాటింది.

లోపల నడుమెత్తు గడ్డి ఎండి తెల్లబడింది. అడుగు వేస్తే విరిగే చప్పుడు. రాతి దేవదూతల ముక్కులూ వేళ్ళూ ఎవరో సరదాకు పగలగొట్టారు. ఇంత ఎండలోనూ అక్కడ చల్లగా ఉన్నట్టు అనిపించింది. పది అడుగులు వేసిందో లేదో మళ్ళీ అదే చప్పుడు. కచక్. ఆగింది. అదీ ఆగింది.

గడ్డి చీల్చుకుని ఆ వైపే వెళ్ళింది. మూలన గోడకు ఆనుకుని ఇనుప శిలువ ఒకటి ఉంది. అది ఇనుప శిలువ అని తెలియడానికే కాసేపు పట్టింది, పైనుంచి కింద దాకా తీగ కమ్మేసింది. హాప్ తీగే. ఎడమ నుంచి కుడికి, పొద్దు తిరిగే దారినే చుట్టుకుంది. ఆకు అదే, గరుకు అదే. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. మొగ్గలుండాల్సిన చోట పూలు రాలిపోయిన ఎండు కాడలు గుత్తులుగా వేలాడుతున్నాయి. పని ముగించుకుని ఊరుకున్న పోతు తీగ.

శిలువ చుట్టూ గడ్డి లేదు. ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. నీడ పడి మొలవలేదేమో అనుకుంది. శిలువ చేతికి కత్తెర వేలాడుతోంది, తోటపనికి వాడే మొనదేలిన కత్తెర. ఏడాదిగా బయట వేలాడిన కత్తెరకు తుప్పు పట్టాలి, దీని అంచులు మాత్రం తెల్లగా ఉన్నాయి. వాన పడని ఏడు కదా అని సర్దిచెప్పుకుంది. మనిషికి ఏదో ఒకటి సర్దిచెప్పుకోక తప్పదు కదా.

తవ్వడానికి అడ్డు రాకుండా కత్తెరను తీసి ముందుగుడ్డ జేబులో వేసుకుంది. దాని మొన జేబు అడుగున చిల్లులోకి, తనకోసమే చేసినట్టు, సరిగ్గా దిగి నిలిచింది.

వ్లాస్తా జేబు మీద చెయ్యి వేసి తడిమింది. తను ఎవరి ఇంట్లో ఉంటోందో, ఎవరి పొయ్యి మీద వండుకుంటోందో, ఎవరి గుడ్డ నడుముకు కట్టుకుందో ఇన్నాళ్ళూ తెలుసు. తెలియడం వేరు, ఇలా తగలడం వేరు.

ఆకులు పక్కకు జరిపి చూసింది. కింద చిన్న పలక. ఎర్విన్ అని పేరు. పేరు కింద పుట్టిన ఏడూ పోయిన ఏడూ. వాటి మధ్య ఎడం చాలా తక్కువ.

"మీరుంటున్న ఇంటి అమ్మగారి ఒక్కగానొక్క కొడుకు" అన్న మాట వినిపించి ఉలిక్కిపడింది. వెంజెల్ గోడ ఖాళీ దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి అడుగు పెట్టలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "గొంతు వాచి పోయాడు. ఆ పోయిన ఏడే ఇక్కడ ఈ తీగ దానంతటదే మొలిచింది. పూత చూశాక తెలిసింది పోతు తీగని. మా అయ్యగారు పార పట్టుకుని వచ్చారు. అమ్మగారు అడ్డం పడుకున్నారు. ఈ సీమలో ఒక్క మగబిడ్డనైనా బతకనివ్వండి అన్నారు."

వ్లాస్తా పారను పలక పక్కన నేలకు ఆనించింది.

"ఊరికి చెడు చెయ్యకూడదని కూడా ఆవిడకు ఉంది. అందుకని ఏటా పూత విచ్చుకోకముందే నిచ్చెన వేసుకుని ప్రతి గుత్తీ కత్తిరించేవారు. జూలై అంతా రోజూ మధ్యాహ్నం ఇదే పని. ఒక్క పువ్వు విచ్చనిచ్చేవారు కాదు. ఊరివాళ్ళకు తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్ళు. ఒక్క ఏడు కూడా ఒక్క గింజ పడలేదమ్మా. పోయినేడు కూడా పూత మొత్తం కత్తిరించాకే రైలెక్కారు."

"ఈ ఏడు నీకు అప్పజెప్పలేదా?"

"అప్పజెప్పారు."

"మరి?"

ముసలాయన టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు. "వచ్చాను. రాలేదని నిన్న అన్నది అబద్ధం. కత్తెర పట్టుకుని దీని కిందే నిలబడ్డాను. పుప్పొడి నా చొక్కా మీద రాలింది. కత్తిరించలేదు. మీవాళ్ళు వచ్చి రెండేళ్ళవుతోంది, ఈ గోడ అవతల ఏముందని ఒక్కరూ అడగలేదు. గింజ పడితే అడుగుతారు కదా అనుకున్నాను. అప్పుడే కత్తెరను మళ్ళీ శిలువకు తగిలించి వెళ్ళాను, ఇక ఇటు రాలేదు."

అది క్షమాపణలా లేదు, పౌరుషంలా కూడా లేదు. ఎవరో ఒకరితో చెప్పేసిన మనిషి గొంతులా ఉంది. కొట్టు పని అయిపోగానే తననూ పంపేస్తారని, ఆ తర్వాత ఇది ఆమె ఇష్టమని అన్నాడు. అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వ్లాస్తా పార ఎత్తింది. ఒక్క పోటు చాలు, ఇల్లు తనదవుతుంది. రోస్తిక్ పేరు మీద ఇల్లు. పార అలాగే గాల్లో ఉండిపోయింది. వాడికి ఎక్కడా ఇలాంటి పలక లేదు, చుట్టుకోవడానికి తీగా లేదు, అడ్డం పడుకుందామంటే ఏ మట్టి మీద పడుకోవాలో కూడా తనకు తెలియదు. ఆ అమ్మకు తెలిసిన మట్టిని వదిలిపొమ్మన్నారు. ఇద్దరిలో ఎవరి కష్టం పెద్దదో తూచే త్రాసు ఆమె దగ్గర లేదు. ఏడుపు ముంచుకొచ్చింది. కొడుకు పోయాడన్న కబురు వచ్చిన రోజు కూడా అంతలా ఏడవలేదు.

తర్వాత ముక్కు తుడుచుకుని కత్తెర తీసింది. నేలకు బెత్తెడు పైన తీగను కోసి, శిలువ మీది నుంచి చుట్లు విప్పసాగింది. అడ్డొచ్చిన చోటల్లా కత్తిరించింది. కచక్. కచక్.

గోడ అవతల మాటలు ఆగిపోయాయి. బోజ్కా గొంతు వినిపించింది. "అదుగో, మళ్ళీ. విన్నారా?"

నేనేలే అని అరవబోయి వ్లాస్తా ఆగింది. ఆ క్షణాన అక్కడున్నది ఒట్టి తానేనని చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. మాట్లాడకుండా కత్తిరిస్తూ పోయింది.

కూలివాళ్ళు తోట అవతలి చివరకు వెళ్ళాక గోడ పక్క వరుసలో బాగా కాసిన తన ఆడతీగ ఒకదాన్ని ఎంచుకుంది. దాని మొదట్లో పార దించి, పిల్లవేర్లతో సహా పెకలించింది. బాగా బతికిన తల్లివేరు, మనిషి తొడంత ఉంది. దాన్ని ఒళ్ళోకి తీసుకుంటూ ఏదో గొణిగింది. ఏమందో ఆమెకే గుర్తు లేదు.

*

శనివారం పొద్దున హావెల్కా కాళ్ళ ముందు పోతు తీగా వేరూ రెండూ పడ్డాయి. అతను ఎండు గుత్తులను వేళ్ళతో రాల్చి చూసి తల ఊపాడు. ఎక్కడ దొరికిందంటే శ్మశానంలో దొరికిందంది. అంటే జర్మన్ల పనేనన్నమాట అన్నాడు. గాలి పని అంది వ్లాస్తా. తర్వాత అతను వేరును కాలితో తిరగేశాడు. కాడ తెగిన చోట వంగి చూశాడు.

"తీగ పచ్చగా ఉంది. మొదలు మాత్రం మన పందిరి తీగల్లా ఎర్రగా ఉందేం?"

కొట్టు గుమ్మంలో వెంజెల్ కదలకుండా నిలబడ్డాడు.

"మన తోట గింజే ఎగిరి మొలిచినట్టుంది" అంది వ్లాస్తా. "ఎంత మగపిల్లాడైనా ఎక్కడో ఓ చోట తల్లి పోలిక ఉండదేంటండీ."

హావెల్కా ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ ఏం కనిపించిందో, చటుక్కున చూపు తిప్పేసుకున్నాడు. మొన్న అన్న మాటకు సిగ్గుపడుతున్నాడని అతని చెవులు చెప్పాయి. వేరునూ తీగనూ పొయ్యిలో వేయమని వెంజెల్‌కు చెప్పాడు. గింజ పడ్డ వరుసల పంటను వేరుచేసి ఎరువు దిబ్బకు పంపి, మిగతా బస్తాలు ముద్రకు పంపిద్దామన్నాడు. కాగితం సంగతి తను చూసుకుంటానన్నాడు. వెంజెల్ వంగి రెండు చేతులా ఆ తల్లివేరును ఎత్తుకున్నాడు. అది పోతుది కాదని అతనికి తెలుసు. ఆమె వైపు ఒక్కసారి చూసి, దాన్ని పొయ్యిలో పెట్టాడు. తడివేరు చాలాసేపు కాలింది, కొట్టంతా పచ్చి వాసన.

ఆ మధ్యాహ్నమే కోత ముగిసింది. ఆనవాయితీ ప్రకారం ఆఖరి తీగను దండలా చుట్టి బోజ్కా యజమానురాలి మెడలో వేసింది. అందరూ వరుస చివర గడ్డిలో కూర్చున్నారు. ఆల్బుఖరా పండు పెట్టి కాల్చిన బన్నులు వ్లాస్తా చేసి తెచ్చింది. పోయినేటి హాప్ వేసి కాచిన బీరు ఒక పెద్ద జగ్గుతో తిరిగింది. నురగ గట్టిగా నిలిచింది, చేదు నాలుక మీద కాసేపు ఉండి మర్యాదగా వెళ్ళిపోయింది. ఆ అమ్మ కత్తిరించిన ఏటి బీరు అది. వ్లాస్తా ఆఖరి గుక్క దాకా తాగింది.

గాలి లేదు. అందరికీ మత్తుగా ఉంది. అప్పుడు గోడ అవతలి నుంచి వచ్చింది.

కచక్. కాస్త ఆగి, కచక్.

బోజ్కా చేతిలో బన్ను అలాగే ఉండిపోయింది. ఎవరూ పిట్ట అనలేదు. వ్లాస్తా చెయ్యి దానంతటదే ముందుగుడ్డ జేబు మీదికి వెళ్ళింది. కత్తెర అక్కడే ఉంది. మొన చిల్లులో దిగి, చల్లగా తొడకు తగులుతోంది.

భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. అయినా లేచి, మెడలో దండతోనే గోడ దాకా నడిచి, వేడెక్కిన రాళ్ళ మీద అరచెయ్యి పెట్టింది. ఆమెకు జర్మన్ రాదు. తనకు వచ్చిన భాషలోనే, పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పింది.

"వేరు అలాగే ఉందమ్మా. వచ్చే జూలై నుంచి నేను చూసుకుంటాను. ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి."

చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి వచ్చి కూర్చున్నాక, అవతల ఎవరున్నారక్కా అని బోజ్కా గుసగుసగా అడిగింది. "మా ఇల్లుగలావిడ" అంది వ్లాస్తా, ఇంకో బన్ను ఆమె చేతిలో పెడుతూ.